ఆగ్రా కోటను తీరిగ్గా చూడాలంటే: టికెట్ నుంచి ముసమ్మన్ బుర్జ్ దాకా

ఆగ్రా వెళ్లొచ్చినవాళ్లను తాజ్ గురించి అడిగితే గంటసేపు చెబుతారు. కోట గురించి అడిగితే "ఆఁ, అదీ చూశాం, చాలా పెద్దది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మొదటిసారి వెళ్లొచ్చాక నేనూ అంతే చెప్పాను. అమ్మానాన్నలతో విజయవాడ నుంచి వెళ్లాం. పొద్దున తాజ్, తర్వాత భోజనం, ఆ తర్వాత ఒక చలువరాయి బొమ్మల కొట్టులో గంటన్నర. చివరికి కోట ముందు దింపి "నలభై నిమిషాల్లో వచ్చేయండి" అన్నాడు మమ్మల్ని తిప్పుతున్న డ్రైవరు. మోకాళ్ల నొప్పితో నాన్న ఆ ఏటవాలు దారి ఎక్కేసరికే పావుగంట గడిచింది. అమ్మ ఏదో ఒక కిటికీ దగ్గర ఆగి, దూరంగా కనిపిస్తున్న తాజ్‌ను చూసి "పాపం షాజహాన్, ఇక్కడి నుంచేనా చూసుకుంటూ పోయాడు" అంది. అది ఆ కిటికీ కాదని రెండోసారి వెళ్లినప్పుడు గానీ నాకు తెలియలేదు.

ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాను. ఆ కోటను తాజ్‌కు తోకలా చూడకూడదు. దానికి ఒక పూట పూర్తిగా ఇవ్వాలి, వీలైతే తాజ్ కంటే ముందే చూడాలి. లోపల కూడా కట్టిన వరుసలోనే నడవాలి: తాత అక్బర్, కొడుకు జహంగీర్, మనవడు షాజహాన్. అలా నడిస్తే ఎర్రరాయి తెల్లరాయిగా మారడం కళ్ల ముందే కనిపిస్తుంది. ఆ నడక ఎలా సాగాలో, దానికి ముందు ఏమేం చూసుకోవాలో చెబుతాను.

ఏ నెల, ఏ రోజు, ఏ పూట

అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. అందులోనూ డిసెంబరు చివర, జనవరిలో జాగ్రత్త. పొగమంచు కమ్మితే కోట నుంచి తాజ్ కనపడదు, రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. నా ఓటు నవంబరుకో, ఫిబ్రవరికో. పిల్లల సెలవులని మే నెలలో వెళ్లేవాళ్లున్నారు. అప్పుడక్కడ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, ఆ రాళ్ల మీద నడక నరకం. తప్పదనుకుంటే తెల్లవారగానే లోపలికి వెళ్లి, పదింటికల్లా బయటపడండి.

తాజ్‌కు శుక్రవారం సెలవు. కోటకు వారమంతా సెలవు లేదు, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచే ఉంటుంది. కాబట్టి మీరు ఆగ్రా చేరేది శుక్రవారమైతే బెంగపడకండి, ఆ మధ్యాహ్నం కోటకు ఇచ్చి శనివారం తెల్లవారుజామున తాజ్‌కు వెళ్లండి. ఒక్క చిక్కుంది. ఢిల్లీ నుంచి గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా చేర్చే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ శుక్రవారం నడవదు. ఆ రోజుకు వేరే రైలు చూసుకోవాలి.

చలికాలంలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రెండింటికి కోటలో అడుగుపెట్టండి. కారణం ఎండ పడే దిక్కు. కోట నుంచి చూస్తే తాజ్ ఆగ్నేయంగా, నది వంపు తిరిగిన చోట ఉంటుంది. పొద్దున పూట సూర్యుడు ఆ వైపే ఉంటాడు కాబట్టి తాజ్ ఒక బూడిదరంగు నీడలా అనిపిస్తుంది. మధ్యాహ్నం దాటాక ఎండ మన వీపు వెనక నుంచి పోయి తాజ్ మీద పడుతుంది. మూడున్నర తర్వాత ఆ చలువరాయి వెన్నముద్ద రంగుకు తిరుగుతుంది. నేను చూసిన నాలుగు సార్లలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ రంగే.

చేరుకోవడం

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా కంటోన్మెంట్ స్టేషన్‌లో ఆగుతాయి. తెల్లవారకముందే దిగాల్సి ఉంటుంది కాబట్టి అలారం పెట్టుకుని పడుకోండి, గదికి ముందుగానే ఫోన్ చేసి చెప్పండి. "ఆగ్రా ఫోర్ట్" అనే స్టేషన్ వేరే ఉంది, అది నిజంగానే కోట గోడల ఎదురుగా ఉంటుంది. పేరు చూసి బుకింగ్‌లో తికమక పడొద్దు. మన రైళ్లు ఆగేది కంటోన్మెంట్‌లో, అక్కడి నుంచి ఆటోలో కోటకు వెళ్లొచ్చు.

విమానంలో వచ్చేవాళ్లకు ఢిల్లీలో దిగడమే సులువు. అక్కడి నుంచి యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద కారులో నాలుగు గంటల లోపు.

ఊళ్లో తిరగడానికి 2024 మార్చి నుంచి మెట్రో వచ్చింది. తాజ్ మహల్ స్టేషన్ తర్వాతిదే ఆగ్రా ఫోర్ట్ స్టేషన్. ఆటో బేరాలు ఇష్టం లేనివాళ్లకు, పెద్దవాళ్లను వెంటబెట్టుకున్నవాళ్లకు హాయి.

ఆటోవాళ్లతో ఒక మాట ముందే తేల్చుకోండి: "కొట్లకు వద్దు, నేరుగా కోటకే." చలువరాయి కొట్టుకు తీసుకెళ్తే డ్రైవరుకు కమిషన్ ముడుతుంది, మీ ఎండపొద్దు అక్కడే కరిగిపోతుంది. కొనాలనుకుంటే కొనండి, తప్పేం లేదు. కోట చూశాక కొనండి.

టికెట్, సామాను, గైడు

టికెట్ పురావస్తు శాఖ వెబ్‌సైట్‌లో ముందే కొనుక్కోవచ్చు. కౌంటరు దగ్గర క్యూ తప్పుతుంది. భారతీయులకు 50 రూపాయల చుట్టుపక్కల, విదేశీయులకు 600 పైన ఉంటుంది. అప్పుడప్పుడు మారుస్తుంటారు కనుక వెళ్లే ముందురోజు చూసుకోండి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చే మనవాళ్లకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే భారతీయుల ధరే వర్తిస్తుంది, కానీ అసలు కార్డు చేతిలో ఉండాలి. దాన్ని హోటల్లో సూట్‌కేసులో పెట్టి వచ్చి ఎక్కువ డబ్బు కట్టిన మా బంధువులు ఉన్నారు.

చిన్న సంచి, నీళ్ల సీసా, టోపీ. అంతే. లోపల తినడం కుదరదు కాబట్టి భోజనం చేసే వెళ్లండి. కోతులు ఉంటాయి, చేతిలో పొట్లం కనపడనివ్వకండి. చెప్పులు అరిగినవి వద్దు, నునుపెక్కిన రాళ్ల మీద జారతాయి. మరుగుదొడ్లు ప్రవేశద్వారం వైపే ఉన్నాయి, పైకెక్కే ముందే వెళ్లి రండి.

గైడు కావాలంటే మెడలో ప్రభుత్వ గుర్తింపు కార్డున్న వాణ్ణే మాట్లాడుకోండి. ఎంతసేపు, ఎంత డబ్బు అన్నది గేటు బయటే తేలిపోవాలి. హిందీ, ఇంగ్లీషు గైడులు దండిగా దొరుకుతారు, తెలుగు చెప్పేవాళ్లు నాకు తారసపడలేదు. ఇంట్లో పెద్దవాళ్లకు హిందీ రాకపోతే ముందురోజు రాత్రి మీరే కథ చెప్పి తీసుకెళ్లండి. ఆ కథకు సరిపడా సరుకు కింద ఉంది.

లోపలికి: అమర్‌సింగ్ గేటు, ఏటవాలు దారి

ఇక్కడ ఇంతకుముందే బాదల్‌గఢ్ అనే ఇటుక కోట ఉండేది. 1526లో పానిపట్‌లో ఇబ్రహీం లోదీ ఓడాక అది మొఘలుల చేతికొచ్చింది. హుమాయూన్ 1530లో పట్టాభిషిక్తుడైంది ఆగ్రాలోనే. అక్బర్ 1565లో ఆ పాత కోటను తీసేసి, ఎర్ర ఇసుకరాయితో కొత్తది మొదలుపెట్టి, ఎనిమిదేళ్లలో పూర్తిచేశాడు. గోడ ఎత్తు దాదాపు 70 అడుగులు, చుట్టుకొలత రెండున్నర కిలోమీటర్లు, లోపల 94 ఎకరాలు. అందులో మనం చూడగలిగేది కొంతే. ఉత్తర భాగం సైన్యం అధీనంలో ఉంది. కోటకు అసలు అందమైన సింహద్వారం ఢిల్లీ గేటు, అదీ ఆ వైపే ఉండటంతో సందర్శకులకు మూసే ఉంటుంది.

మనం వెళ్లేది దక్షిణాన ఉన్న అమర్‌సింగ్ గేటు నుంచి. నాగౌర్‌కు చెందిన అమర్‌సింగ్ రాథోడ్ 1644లో షాజహాన్ నిండు దర్బారులో ఆస్థాన అధికారి సలాబత్ ఖాన్‌ను పొడిచి, తానూ ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన పేరే ఈ గేటుకు నిలిచింది.

గేటులో ఒక్క క్షణం ఆగి చూడండి. దారి తిన్నగా పోదు. కందకం దాటాక మెలిక తిరుగుతుంది. వేగంగా దూసుకొచ్చిన ఏనుగు తలుపును ఢీకొట్టలేకుండా చేసిన ఏర్పాటు అది. లోపలి గేటు దాటాక రెండు పక్కలా ఎత్తైన గోడల మధ్య ఏటవాలు దారి. పాదాలకు తగిలే గరుకు చూడండి, జారకుండా రాళ్లకు గాట్లు పెట్టారు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన బాలాహిసార్‌లో విన్నవాళ్లకు ఇలాంటి తెలివి కొత్త కాదు. అక్కడ చప్పుడుతో కాపలా కాశారు, ఇక్కడ మలుపుతో, ఎత్తుతో కాశారు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ ఎక్కుడే కష్టం. గోడవారగా, రెండుసార్లు ఆగుతూ ఎక్కించండి. పైకి చేరాక మిగతాదంతా దాదాపు సమతలమే.

మొదట ఎరుపు: జహంగీరీ మహల్

పైకి రాగానే జనం అంతా తిన్నగా పోతారు. మీరు కుడివైపు తిరగండి.

మహల్ ముందు పచ్చికలో ఒక పెద్ద రాతి తొట్టి ఉంటుంది. దాన్ని దాటుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. దగ్గరికి వెళ్లండి. ఒకే రాయిని తొలిచి చేసిన స్నానపు తొట్టి అది, 1610 నాటిది. జహంగీర్‌ది. మనిషి భుజం దాకా వచ్చే ఎత్తు, ఎనిమిదడుగుల అడ్డం. బయట ఎక్కడానికి మెట్లు, లోపల దిగడానికి మెట్లు, అంచు చుట్టూ పారసీ అక్షరాలు. ఆ అక్షరాలు ఇప్పుడు బాగా అరిగిపోయాయి. సాయంత్రం ఎండ పక్కవాటుగా పడినప్పుడు మాత్రం అలికిన గోడ మీద వేలిగుర్తుల్లా పైకి తేలుతాయి. నేను దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను.

మహల్ పేరు జహంగీర్‌దే అయినా కట్టించింది అక్బర్, రాణివాసం కోసం. అక్బర్ ఈ కోటలో బెంగాల్, గుజరాత్ పద్ధతుల్లో 500 కట్టడాలు కట్టించాడని ఆయన కొలువు చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. అందులో మిగిలింది వేళ్ల మీద లెక్క. కొన్నింటిని షాజహాన్ తన చలువరాయి మేడల కోసం తీయించాడు, చాలావాటిని బ్రిటిష్‌వాళ్లు బారకాసుల కోసం పడగొట్టారు. కాబట్టి ఈ మహల్‌లో తొందరపడకండి. లోపలి నడిమి వాకిలికి ఉత్తరాన ఉన్న పెద్ద గదిలో కప్పును మోస్తున్న రాతి మోపులు చూడండి, పాము ఒళ్లు విరుచుకున్నట్టు చెక్కారు. రాతిని కర్రలా వాడిన పనితనం అది. దూలం, మోపు, చూరు అన్నీ వడ్రంగి చేసినట్టే ఉంటాయి. మన కాకతీయ గుళ్లు చూసిన కళ్లకు ఈ చోటు ఇట్టే చుట్టమవుతుంది. పిల్లలుంటే ముందు గోడ మీద ఆరు కోణాల నక్షత్రాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి, పది నిమిషాలు మీకు తీరిక.

తెలుపులోకి: ఖాస్ మహల్, అంగూరీ బాగ్

మహల్ వెనక నుంచి నదివైపుగా ఉత్తరానికి నడిస్తే ఉన్నట్టుండి రంగు మారిపోతుంది. అది షాజహాన్ హద్దు. ఎర్రరాయి అయిపోయి చలువరాయి మొదలు. మధ్యలో ఖాస్ మహల్, దానికి రెండు పక్కలా వంగిన కప్పుల చిన్న మంటపాలు. బెంగాల్ పల్లెల్లోని పూరిళ్ల చూరు వంపు అది, దాన్ని షాజహాన్ ఈ మంటపాలకు తెచ్చుకున్నాడు. ఎదురుగా అంగూరీ బాగ్, గళ్లుగళ్లుగా రాతి అంచులు కట్టిన తోట. ముగ్గు వేసినట్టుంటుంది. దాని మూల ఉన్న శీష్ మహల్ ఎక్కువగా తాళం వేసే ఉంటుంది, దాని కోసం వెతుక్కోకండి.

ముసమ్మన్ బుర్జ్: ఇక్కడ ఆగండి

మధ్యాహ్నమంతా కూడబెట్టుకున్న సమయాన్ని ఖర్చుపెట్టాల్సింది ఇక్కడ. ముసమ్మన్ అంటే ఎనిమిది కోణాలది. నదివైపు ముందుకు పొడుచుకొచ్చిన బురుజు మీద చలువరాయి మంటపం.

జహంగీర్ 1605లో గద్దెనెక్కగానే ఇచ్చిన మొదటి ఉత్తర్వు న్యాయం కోసం ఒక బంగారు గొలుసు కట్టించమని. ఒక కొస ఈ కోటలోని షాహ్ బుర్జ్‌కు, మరో కొస యమున ఒడ్డున ఒక రాతిస్తంభానికి. దానికి 60 గంటలు. అన్యాయం జరిగినవాడు వచ్చి లాగొచ్చు. ఇది ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అప్పట్లో నది ఈ గోడను ఒరుసుకుని పారేది. ఇప్పుడు నదికీ గోడకూ మధ్య రోడ్డు వచ్చింది.

ఆ నదీ తీరాన్నే 1658 జూన్‌లో ఔరంగజేబు కట్టుదిట్టం చేశాడు. తండ్రి షాజహాన్ కోట తలుపులు మూసుకుని కూర్చుంటే, కొడుకు ఫిరంగులతో సాధించలేనిది నీళ్లు ఆపి సాధించాడు. యమున నీళ్లు లోపలికి రాకుండా చేశాడు. కోటలో బావులున్నా నీళ్లు ఉప్పన. తాజ్ కట్టించినవాడు జూన్ ఎండల్లో ఆ నీళ్లు తాగలేక, మూడు రోజుల్లో లొంగిపోయాడు. ఆ తర్వాత ఏడున్నరేళ్లు ఇక్కడే ఖైదు. పెద్దకూతురు జహనారా వెంటే ఉండి చూసుకుంది. 1666 జనవరిలో కన్నుమూశాడు. పెద్ద ఊరేగింపేమీ లేకుండా శవాన్ని నది మీదుగా తాజ్‌కు చేర్చి, ముంతాజ్ పక్కన పాతారు.

ఇప్పుడు ఆ మంటపం గోడ మీద పూలు చూడండి. చలువరాయిలో గుంట తొలిచి, రంగురాళ్లు పలచగా కోసి పొదిగిన పర్చిన్‌కారీ పని. ఒక్కో రేకలో రాయి రంగు చిక్కబడుతూ పలచబడుతూ పోతుంది. కొన్ని పూలకు రేకలు లేవు, ఉత్త గుంటలే మిగిలాయి. రాళ్లు ఎవరో పెకలించుకుపోయారు. ఆ గుంటల అంచులు చూస్తే తెలుస్తుంది, రాయికీ రాయికీ మధ్య వెంట్రుక దూరేంత సందు కూడా లేకుండా ఎలా కుదిర్చారో. దయచేసి వేలు పెట్టకండి. రోజుకు వేలమంది తాకితే మిగిలినవీ ఊడతాయి. లోపలికి వెళ్లకుండా కమ్మీ కట్టి ఉంటే కమ్మీ అవతల నుంచే చూడండి, తాజ్ మాత్రం పక్క చప్టా మీద నుంచీ అంతే బాగా కనిపిస్తుంది. అమ్మను రెండోసారి ఇక్కడికే తెచ్చాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నల్ల సింహాసనం, దివాన్‌లు

పక్కనే దివాన్-ఎ-ఖాస్, అంటే ముఖ్యులతో మాత్రమే కొలువుతీరే మందిరం, 1635 నాటిది. దాని ముందు చప్టా మీద నల్లరాయి పలక, జహంగీర్ సింహాసనం. యువరాజు సలీంగా తండ్రి మీద తిరగబడి అలహాబాద్‌లో ఉన్నప్పుడు 1602లో చేయించుకున్నది. పలక మీద పగులు కనిపిస్తుంది. గైడులు రకరకాల కథలు చెబుతారు. అది 1803లో బ్రిటిష్ ఫిరంగి గుండు తగిలి పడిన దెబ్బ. ఎర్రటి మరకను నెత్తురంటారు, రాతిలోని ఇనుము తుప్పు అది.

1666 మే నెలలో, అంటే షాజహాన్ పోయిన నాలుగు నెలలకు, ఔరంగజేబు దర్బారుకు శివాజీ వచ్చింది ఈ కోటకే. వెనక వరుసలో నిలబెట్టారని ఆగ్రహించి వెళ్లిపోయాడు. ఆగ్రాలోనే నిర్బంధించారు, ఆగస్టులో తప్పించుకున్నాడు. కోట బయట గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది.

మన నేలకు ఈ కోటతో ఉన్న లంకె కూడా ఇక్కడ తలుచుకోదగ్గది. పానిపట్ యుద్ధం తర్వాత ఆగ్రాలో గ్వాలియర్ రాజు కుటుంబం హుమాయూన్‌కు ఒక పెద్ద వజ్రం ఇచ్చిందని బాబర్ రాశాడు. కోహినూర్ అదేనా కాదా అన్న దాని మీద చరిత్రకారులది ఒక్క మాట కాదు. కానీ షాజహాన్‌కు వజ్రాలు సమర్పించుకుని మొఘలుల కొలువులో చేరిన మీర్ జుమ్లా మాత్రం మనకు తెలిసినవాడే. గోల్కొండ తరఫున గండికోటను పట్టుకున్నది అతనే. ఆ గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు వజ్రపు గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉన్నాయి.

మచ్ఛీ భవన్ మీదుగా దిగితే దివాన్-ఎ-ఆమ్, అందరికీ దర్బారు జరిగిన మందిరం. ఇక్కడ రంగు మోసం చేస్తుంది. తెల్లగా ఉన్నా చలువరాయి కాదు, ఎర్రరాయి మీద సున్నపు పూత. మూలగా నిలబడి చూస్తే స్తంభాలన్నీ గీత గీసినట్టు వరుసలు కడతాయి. నెమలి సింహాసనం మీద షాజహాన్ మొదటిసారి కూర్చున్నది 1635లో, ఆగ్రాలోనే. ఎదుటి పచ్చికలో ఇంగ్లీషు సమాధి ఒకటి చూసి ఆశ్చర్యపోతారు. వాయవ్య రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ కాల్విన్‌ది. 1857 తిరుగుబాటు రోజుల్లో కోటలో చనిపోతే ఇక్కడే పాతిపెట్టారు. మోతీ మసీదు గుమ్మటాలను దూరం నుంచి చూసి సరిపెట్టుకోవాలి, లోపలికి వదలరు.

బయటికొచ్చాక

మొత్తం మూడు గంటలు పడుతుంది. గేటు మూసే వేళకు ఓ అరగంట ముందే కిందికి దిగడం మొదలుపెట్టండి, చీకట్లో ఆ ఏటవాలు పెద్దవాళ్లకు మంచిది కాదు.

ఊరికి పట్టుకెళ్లడానికి పేఠా కొనండి. మనం వడియాలు పెట్టే బూడిద గుమ్మడికాయే అది. ముక్కలు సున్నపు నీళ్లలో నానబెట్టి, ఉడికించి, చక్కెర పాకంలో వేస్తారు. పొడి రకం ప్రయాణానికి ఆగుతుంది, పాకం కారే రకం రైల్లో సంచులన్నీ పాడుచేస్తుంది. కొనే ముందు ఒక ముక్క రుచి చూపించమని అడగండి, ఇస్తారు.

మర్నాడు పొద్దున్నే తాజ్‌కు వెళ్లినప్పుడు అందరూ ముందు కొలను దగ్గర ఫొటోలు దిగుతుంటే, మీరు సమాధి వెనక నదివైపు చప్టా మీదికి నడవండి. ఎడమచేతి వైపు, నది ఎగువకు చూడండి. తెల్లారి ఎండ ఆ వైపే పడుతూ ఉంటుంది. దూరంగా ఎర్ర గోడ, దాని మీద ఒక చిన్న తెల్లటి మంటపం కనిపిస్తాయి.